పిలవని తోడు: కంప్యూటర్‌లో తమంతట తామే మొదలయ్యే ప్రోగ్రాంలు

పిలవని పేరంటానికి వచ్చినవారి మాట తెలుగువారి ఇళ్ళలో సామెతగా నిలిచింది. మన ఉర్దూ సోదరులు ఇదే సంగతిని ‘మాన్ న మాన్, మై తేరా మెహమాన్’ అంటారు. నీవు ఒప్పుకున్నా ఒప్పుకోకున్నా నేను నీ అతిథినే అని దాని భావం. ఈ రెండు భాషలూ కలిసి వినిపించే మన నారాయణఖేడ్‌లో ఈ రెండు మాటలకూ కొత్తగా అర్థం చెప్పవలసిన పని లేదు. అయితే ఇట్టి అతిథులు ఇళ్ళకే కాదు, కంప్యూటర్లకు కూడా వస్తారని ఎందరు గమనించారు?

ఒక విద్యార్థి సెలవుచీటీ వ్రాయడానికి వర్డ్ ప్రోగ్రాంను తెరుస్తాడు. దానితోపాటు అతడు అడుగని మరొక ప్రోగ్రాం కూడా మొదలవుతుంది. వర్డ్‌ను మూసివేసినా ఆ రెండవది వెళ్ళదు. తెర వెనుక కూర్చొని పని చేస్తూనే ఉంటుంది. ఇట్లా ఒక ప్రోగ్రాం వెంట తనంతట తానే వచ్చే దానిని మేము ఈ వ్యాసంలో ‘తోడు ప్రోగ్రాం’ అని పిలుస్తున్నాము.

ఒక్కటి వస్తే నష్టం లేదు. కాని నాలుగు జీబీల జ్ఞాపకశక్తి మాత్రమే గల కంప్యూటర్‌లో ఇట్టివి అరడజను చేరితే, కూర్చోవలసినవారికి చోటు చాలదు. డిగ్రీ ప్రవేశాలకు 2016 నుండి ‘దోస్త్’ ద్వారా ఆన్‌లైన్‌లోనే దరఖాస్తు చేయవలసి ఉన్నది. ఆఖరు దినాన పుట తెరుచుకోక, ఇసుక గడియారం వంక చూస్తూ కూర్చున్న విద్యార్థికి ఈ విషయం చిన్నది కాదు.

తోడు ప్రోగ్రాంలు కొత్తగా పుట్టినవి కావు. డాస్ కాలంలో, 1984లో బోర్లాండ్ సంస్థ ‘సైడ్‌కిక్’ అనే ప్రోగ్రాంను విడుదల చేసింది. అది జ్ఞాపకశక్తిలో ఒక మూల నిలిచి ఉండి, వాడుకరి ఒక మీట నొక్కగానే లెక్కల పలకనో, చిరునామాల పుస్తకాన్నో ముందుంచేది. ఆనాటి ప్రోగ్రాంలకు దక్కే చోటు 640 కిలోబైట్లే. అందువలన ఏ తోడును ఉంచుకోవలెనో, దేనిని వద్దనవలెనో వాడుకరియే నిర్ణయించుకొనేవాడు. నేడు చోటు పెరిగింది; నిర్ణయించే అధికారం మాత్రం మెల్లగా తయారీదారుల చేతికి జారింది.

తయారీదారులు ఈ పని ఎందుకు చేస్తారు? కొన్ని కారణాలు న్యాయమైనవే. అడోబ్ రీడర్‌కు ఒకప్పుడు ‘స్పీడ్ లాంచర్’ అనే తోడు ఉండేది. పుస్తకం త్వరగా తెరుచుకొనేందుకు కొన్ని భాగాలను ముందే సిద్ధం చేయడం దాని పని. ‘ఐట్యూన్స్ హెల్పర్’ అనే మరొకటి, ఐపాడ్ ఎప్పుడు తగిలిస్తారా అని కనిపెట్టుకొని ఉండేది. ఐపాడ్ లేనివారి ఇంట కూడా అది అట్లే కనిపెట్టుకొని ఉండేది. మరికొన్ని కారణాలు వ్యాపారానికి సంబంధించినవి. మైక్రోసాఫ్ట్ సంస్థ తన ఆఫీస్‌తోపాటు ‘టీమ్స్’ను జతచేయడంపై 2020లో స్లాక్ సంస్థ ఐరోపా కమిషన్‌కు ఫిర్యాదు చేసింది. టీమ్స్ లేని ఆఫీస్‌ను తక్కువ ధరకు ఇస్తామన్నది మొదలైన మైక్రోసాఫ్ట్ హామీలను 2025 సెప్టెంబర్‌లో కమిషన్ అంగీకరించి, వాటికి చట్టబద్ధత కల్పించింది. దీనిని బట్టి తోడు ప్రోగ్రాం తగవు మన గదిలోనిది మాత్రమే కాదని తెలుస్తున్నది.

అయినను ప్రతి తోడునూ వెళ్ళగొట్టవచ్చునా? ఇక్కడనే మేము ఒకసారి పొరబడినాము. ఆ సంగతి చెప్పడమే ఈ వ్యాసం ముఖ్యోద్దేశం.

2001లో వచ్చిన ఆఫీస్ ఎక్స్‌పీతో ‘సీటీఎఫ్‌మాన్’ అనే తోడు ఒకటి వచ్చేది. ఆఫీస్ ప్రోగ్రాం ఏది తెరిచినా అది మొదలయ్యేది. అన్నింటినీ మూసినా మిగిలి ఉండేది. ‘ఎంఎస్‌కాన్ఫిగ్’ పట్టికలో దాని ఎదుట ఉన్న టిక్కును తీసివేస్తే, మరునాడు వర్డ్ తెరవగానే మళ్ళీ హాజరయ్యేది. చెట్టును వేరు వద్ద వదిలి కొమ్మలు నరికినట్లు ఉండేది ఆ పని. దానిని నిజంగా ఆపవలెనంటే ఆఫీస్ స్థాపనలోకి పోయి ‘ఆల్టర్నేటివ్ యూజర్ ఇన్‌పుట్’ అనే భాగాన్ని తొలగించి, కంట్రోల్ ప్యానెల్‌లోని భాషల విభాగంలో అదనపు వచన సేవలను కూడా నిలిపివేయవలసి ఉండేది.

కొన్ని సంవత్సరాల క్రితం మేము ఒక పాత కంప్యూటర్‌ను తేలికపరచదలచి ఈ మెట్లన్నీ శ్రద్ధగా ఎక్కినాము. సీటీఎఫ్‌మాన్ మాయమైంది. ఎంతో సంతోషించినాము. మరునాడు ఒక విద్యార్థిని ఉర్దూలో ప్రకటన వ్రాయడానికి కూర్చుంటే భాష మారలేదు. తెలుగుకు ప్రయత్నిస్తే అదీ రాలేదు. తెర క్రింద ఉండే భాషల పట్టీ కూడా లేదు. మేము దొంగ అని తరిమినది మా ఇంటి ద్వారపాలకుడినే! వచనం ఏ భాషలో, ఏ మార్గాన వస్తున్నదో కనిపెట్టి, కీబోర్డును ఒక లిపి నుండి మరొక లిపికి మార్చడంలో తోడ్పడేది ఆ ప్రోగ్రామే. ఇంగ్లీషు ఒక్కటే వ్రాసేవారికి అది అనవసరం. మాకు అది లేనిదే పని జరుగదు.

ఈ భేదం మన ఊరికి ప్రత్యేకంగా వర్తిస్తుంది. 1956లో రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ జరిగే వరకు నారాయణఖేడ్ తాలూకా బీదరు జిల్లాలోనిది. పిమ్మట మెదక్ జిల్లాలో చేరి, 2016 నుండి సంగారెడ్డి జిల్లాలో ఉన్నది. తెలుగు, ఉర్దూలతోపాటు కన్నడ, మరాఠీ మాటలు కూడా మన సంతలో వినబడతాయి. ఎడమ నుండి కుడికి ఒక లిపి, కుడి నుండి ఎడమకు మరొక లిపి వ్రాసే మనకు, ‘ఇది అందరికీ అనవసరం, తీసివేయండి’ అని ఎక్కడో ఎవరో చెప్పిన సలహా యథాతథంగా సరిపడదు. పేజ్‌మేకర్‌లో తెలుగు కూర్చే దినాలలో ‘అను స్క్రిప్ట్ మేనేజర్’ను మనవారు తామే పిలిచి తోడు పెట్టుకొనేవారు. ఉర్దూ కూర్చే ‘ఇన్‌పేజ్’కు కీబోర్డు దానిలోనే ఉండేది. తోడు కావలెనా వద్దా అన్నది మన పనిని బట్టి ఉంటుంది.

ఇక ఆపవలసిన దానిని ఎట్లా ఆపవలెను? నేటి విండోస్ కంప్యూటర్లలో మేము అనుసరించే క్రమం ఇది.

మొదట వచ్చినది ఎవరో తెలుసుకోవలెను. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలను కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ తెరుచుకొంటుంది. అనుమానం కలిగిన పేరుపై కుడి మీట నొక్కి, ఆ ఫైలు ఎక్కడ ఉన్నదో చూడవచ్చును. అసలైన సీటీఎఫ్‌మాన్ విండోస్‌లోని సిస్టమ్32 అరలో ఉంటుంది. అదే పేరు మరొకచోట కనబడితే వేషధారి కావచ్చునని జాగ్రత్తపడవలెను. ఇక్కడ ‘ఎండ్ టాస్క్’ అంటే ఆ పూటకు మాత్రమే పోతుంది; మళ్ళీ రాదని నమ్మరాదు.

రెండవది, ఆ తోడు ప్రోగ్రాం సెట్టింగులనే తెరిచి చూడవలెను. తానే మొదలయ్యే ఏర్పాటుకు అక్కడ చాలవరకు ఒక టిక్కు ఉంటుంది. దానిని తీసివేయడమే మర్యాదైన మార్గం.

మూడవది, పిలిచినవారినే అడుగవలెను. వర్డ్ తెరిచినప్పుడు మాత్రమే వచ్చే తోడు తరచుగా ‘యాడ్-ఇన్’ రూపంలో ఉంటుంది. వర్డ్‌లో ఫైల్, ఆప్షన్స్, యాడ్-ఇన్స్ అనే వరుసలో వెళ్ళి, క్రింద ‘కామ్ యాడ్-ఇన్స్’ ఎంచుకొని ‘గో’ నొక్కితే పట్టిక వస్తుంది. వద్దన్నదాని టిక్కు తీసివేయవలెను.

నాలుగవది, కంప్యూటర్ మొదలవగానే వచ్చేవాటి పట్టిక. సెట్టింగ్స్‌లో యాప్స్, దానిలో స్టార్టప్ చూడవలెను. విండోస్ 8 వచ్చిన 2012 నుండి ఈ పట్టిక టాస్క్ మేనేజర్‌లోనూ ఉన్నది. ఇక్కడ ‘డిజేబుల్’ చేసినది చెరిగిపోదు; ఎప్పుడు కావలెనంటే అప్పుడు మళ్ళీ అనుమతించవచ్చును.

ఇంకను రావడం మానకపోతే అది సర్వీసుగానో, టాస్క్ షెడ్యూలర్‌లో నియమితమైన పనిగానో దాగి ఉండవచ్చును. సర్వీసును పూర్తిగా నిషేధించుటకంటె ‘మాన్యువల్’లో ఉంచుట మేలు, అవసరమై పిలిస్తే వస్తుంది, లేకుంటే సాధారణంగా ఊరకుంటుంది. అన్ని ద్వారాలనూ ఒక్కచోట చూపే ‘ఆటోరన్స్’ అనే ఉచిత సాధనాన్ని మైక్రోసాఫ్టే అందిస్తున్నది. కాని అది అనుభవజ్ఞుల చేతిలో ఉండదగినది.

ఈ క్రమంలో మూడు నియమాలు మరువరాదు. ఒకసారి ఒక్కదానినే ఆపవలెను. రెండింటిని కలిపి ఆపితే చెడినప్పుడు దోషి ఎవరో తెలియదు. ఆపిన తరువాత కంప్యూటర్‌ను మళ్ళీ మొదలుపెట్టి, తెలుగులో ఒక పంక్తి, ఉర్దూలో ఒక పంక్తి వ్రాసి చూడవలెను. వైరస్ నుండి కాపాడేవాటినీ, ధ్వనికీ, తెరకూ సంబంధించినవాటినీ తాకరాదు.

విద్యార్థి మిత్రులారా! ప్రయోగశాలలోని కంప్యూటర్ మన ఒక్కరి సొత్తు కాదు. మన తరువాత కూర్చొనేవారు ఏ లిపిలో వ్రాస్తారో మనకు తెలియదు. కనుక అధ్యాపకుల అనుమతి లేకుండా ఏ మార్పూ చేయవద్దని మా మనవి. కళాశాల కమిటీ పెద్దలకు కూడా ఒక చిన్న విన్నపం. ప్రతి కంప్యూటర్ ప్రక్కన ఒక కాగితం అతికించి, అందులో ఏ తోడును ఎప్పుడు, ఎవరు ఆపినారో రెండు భాషలలోనూ వ్రాయించండి. దీనికి ఖర్చు లేదు. ఆనాడు మా వద్ద అట్టి కాగితం ఉండి ఉంటే, ఆ విద్యార్థిని ప్రకటన మధ్యాహ్నానికి పూర్తయ్యేది. రెండు దినాలు ఆగేది కాదు.

అతిథిని ఆదరించడం మన రెండు సంప్రదాయాలలోనూ ఉన్నది. ఇంటిలో ఎవరెవరు ఉన్నారో తెలుసుకొని ఉండడం కూడా గృహస్థు ధర్మమే. దోస్త్ ఎవరో, పిలవని అతిథి ఎవరో విచారించిన తరువాతనే తలుపు వేయుదము.