రంగు గోళీల ఆట: మొదటి మార్కరు కొనేముందు

1981 జూన్ 27వ తేదీన అమెరికాలోని న్యూ హాంప్‌షైర్ రాష్ట్రంలో, హెన్నికర్ అనే చిన్న వూరి దగ్గరి అడవిలో, పన్నెండుమంది పెద్దమనుషులు చిన్నపిల్లల్లా ఒక ఆట ఆడారు. ప్రతివాడి చేతిలోనూ రంగు నింపిన గోళీలు పేల్చే పిస్తోలొకటి. అడవిలో అక్కడక్కడా జెండాలు పెట్టారు. ఒంటిమీద రంగు పడకుండా ఆ జెండాలు పోగుచేసుకుని బయటపడ్డవాడిదే గెలుపు. ఆ పన్నెండుమందిలో రచయిత వున్నాడు, షేర్ల వ్యాపారి వున్నాడు, మంచుమీద జారే ఆట సామాన్లు అమ్మేవాడూ వున్నాడు. గెలిచింది మాత్రం రిచీ వైట్ అనే అడవి మనిషి, చెట్లతో పనిచేసేవాడు. ఆయన చప్పుడు చెయ్యకుండా నడిచాడు, జెండాలు తీసుకున్నాడు, వచ్చేశాడు. ఒక్క గోళీ కూడా పేల్చలేదు!

కొత్త ఆయుధం కొనాలని వువ్విళ్ళూరే ప్రతివాడికీ ఈ కథ ముందు చెప్పాలని నాకనిపిస్తుంది. ఈ ఆట పుట్టినరోజునే తేలిపోయిన సంగతిది: గెలిపించేది చేతిలోని సామాను కాదు.

ఆ పిస్తోలు పేరు నెల్‌స్పాట్ 007. ఆటకోసం చేసింది కాదు. నెల్సన్ అనే రంగుల కంపెనీకోసం డెయిజీ అనే గాలితుపాకుల కంపెనీ తయారుచేసింది. కొట్టెయ్యవలసిన చెట్లకు దూరంనుంచే గుర్తు పెట్టడానికి అటవీశాఖవాళ్ళూ, మందలో పశువులకు గుర్తు పెట్టడానికి రైతులూ వాడేవారు. గుర్తు పెట్టేది కాబట్టి అది ‘మార్కరు’. ఇప్పటికీ ఈ ఆట ఆడేవాళ్ళు దాన్ని తుపాకి అనరు, మార్కరనే అంటారు. బోర్డుమీద రాసే మార్కరుతో మన లెక్చరర్లు పొరబడకుండా వుండటానికి ఈ మాట చెప్పాను.

మన కాలేజీనుంచి ఏటా కొందరు పై చదువులకు ఆ దేశం వెళుతున్నారు. వెళ్ళిన మొదటి సంవత్సరంలోనే ఎవరో ఒక లాబ్ మిత్రుడు శనివారంనాడు ‘పెయింట్‌బాల్‌కి వస్తావా?’ అంటాడు. వెళతాం, ఒంటినిండా రంగు పూయించుకుని తిరిగి వస్తాం. రెండోవారం మళ్ళీ వెళతాం. మూడోవారానికి అద్దె మార్కరు మీద విసుగు పుడుతుంది, సొంతది కొనాలన్న కోరిక పుడుతుంది. నాకూ పుట్టింది. స్కాలర్‌షిప్పులో మిగిలిన డబ్బంతా పోసి పాతదొకటి కొన్నాను. ముఖానికి పెట్టుకునే మాస్కు దగ్గరికొచ్చేసరికి జేబులో డబ్బుల్లేవు. అన్నిటికంటే చవకైనది, ఒకే పొర అద్దం వున్నది తీసుకున్నాను. నవంబరు చలిలో పావుగంట పరిగెత్తేసరికి అద్దమంతా ఆవిరి. ఎదురుగా చెట్టేదో మనిషేదో తెలియలేదు. ఒక చెట్టుచాటున కూర్చుని, ఒక్క క్షణమే కదా అని మాస్కు పైకెత్తి చొక్కా చెంగుతో తుడవబోయాను. జానెడు దూరంలో చెట్టుబోదెకు గోళీ ఒకటి తగిలి పగిలింది. ఆ చింది నా చెంపమీద పడింది. రిఫరీ విజిలూదుకుంటూ పరిగెత్తుకొచ్చి నా ముఖం రెండు చేతులతో మూసి బయటికి తీసుకెళ్ళాడు. ఆరోజంతా నన్ను మళ్ళీ ఆడనివ్వలేదు. చాలా అవమానమనిపించింది. కన్ను దక్కింది గనక ఇవాళ ఈ వ్యాసం రాస్తున్నాను.

ఇందులో లెక్క ఏమిటంటే, ఈ గోళీ అడ్డుకొలత 0.68 అంగుళం, అంటే సుమారు 17 మిల్లీమీటర్లు. బరువు మూడు గ్రాములు. ఆటస్థలాల్లో సాధారణంగా అనుమతించే గరిష్ఠ వేగం సెకనుకు 300 అడుగులు, అంటే 91 మీటర్లు. గతిజశక్తి సూత్రంలో వేసి చూస్తే పన్నెండు జౌళ్ళకు పైన వస్తుంది. కిలో బరువుని నాలుగడుగుల ఎత్తునుంచి పడేసినట్టు. ఒంటిమీద పడితే నల్లగా కమిలి నాలుగురోజుల్లో పోతుంది. కంటి సంగతి వేరు. క్రికెట్ బంతి వస్తే కంటిచుట్టూ వున్న ఎముక కొంతైనా ఆపుతుంది. ఈ గోళీ ఆ ఎముకల గూటికంటే చిన్నది. నేరుగా లోపలికి పోతుంది.

అంచేత కొనే వరస తలకిందులు చెయ్యమంటాను. మొదట మాస్కు. ఈ ఆటకోసమే చేసిన ఎ.ఎస్.టి.ఎం. ఎఫ్ 1776 ప్రమాణం ముద్ర దానిమీద వుండాలి. లాబ్‌లో వాడే కళ్ళద్దాలు, మోటారుసైకిల్ కళ్ళద్దాలు పనికిరావు. రెండు పొరల అద్దం వుండాలి. రెండు పొరల మధ్య గాలి వుండటంవల్ల లోపలి పొర చల్లబడదు, వూపిరి ఆవిరి దానిమీద పేరుకోదు. ఇది ఫ్లాస్కులో కాఫీ చల్లారకపోవడంలాంటి సంగతే. మాస్కు సెకండ్‌హాండ్ కొనకండి. దగ్గరనుంచి దెబ్బ తిన్న అద్దంలో కంటికి కనపడని పగులుండవచ్చు. రెండోది గొట్టం మూతికి తొడిగే గుడ్డసంచి. ఆటస్థలం దాటగానే అది తొడగాలి. ఈ రెండూ కొన్నాక మిగిలినదాంతోనే మార్కరు.

మార్కర్లలో మూడు జాతులున్నాయి. మొదటిది పంపు. ప్రతి గోళీకీ చేత్తో లాగి తొయ్యాలి. తొలిరోజుల ఆట అంతా దీంతోనే సాగింది. ఇప్పుడు దీన్ని ఇష్టపడేవాళ్ళు పాతకాపులు. కొత్తవాడు దీంతో మొదలుపెడితే గురి కుదురుతుందిగాని, చుట్టుపక్కల వాళ్ళు గోళీల వాన కురిపిస్తుంటే మనసు చివుక్కుమంటుంది. మూడో జాతి ఎలక్ట్రానిక్‌ది. బాటరీ, చిన్న సర్క్యూట్ బోర్డు, విద్యుత్తుతో తెరుచుకునే కవాటం వుంటాయి. మీట వేలితో తాకితే చాలు. పోటీల్లో ఆడేవాళ్ళు వాడేది ఇదే. మెత్తగా పనిచేస్తుంది, ఖరీదూ అలాగే వుంటుంది. వర్షంలో తడిసినా, బురద దూరినా కొత్తవాడు బాగుచేసుకోలేడు.

మధ్యదే మనది, మెకానికల్ సెమీ ఆటోమేటిక్. దీని లోపలి పని చూస్తే ముచ్చటేస్తుంది. వెనక ఒక ఇనుప సుత్తి, దాని వెనక స్ప్రింగు. సుత్తిని ఒక కొక్కెం పట్టుకుని వుంటుంది. మీట నొక్కగానే కొక్కెం జారుతుంది. సుత్తి ముందుకు దూకుతుంది, దానికి కలిపిన వూచ బోల్టునీ ముందుకు తోస్తుంది. బోల్టు గోళీని గొట్టంలోకి నెడుతుంది. అదే క్షణంలో సుత్తి కవాటాన్ని కొడుతుంది. కవాటం తెరుచుకుని వాయువు రెండు దారులు పడుతుంది. ముందుకుపోయిన భాగం గోళీని విసురుతుంది. వెనక్కుపోయిన భాగం సుత్తిని మళ్ళీ వెనక్కు తోసి కొక్కేనికి తగిలిస్తుంది. తర్వాతి గోళీ పైనున్న డబ్బాలోంచి దొర్లి కిందపడుతుంది. అంతే! బాటరీ లేదు, బోర్డు లేదు. 1998లో టిప్‌మన్ కంపెనీ తెచ్చిన మోడల్ 98 ఈ పద్ధతిదే. అద్దెకిచ్చే ఆటస్థలాలవాళ్ళు ఈ జాతివే ఎక్కువగా ఎందుకు పెట్టుకుంటారో ఆలోచించండి. వారంవారం అనుభవంలేని చేతుల్లో నలిగి, కిందపడి, బురదలో దొర్లి మళ్ళీ పనిచెయ్యాలి మరి. నాలుగు స్క్రూలు తీస్తే లోపలి సామానంతా కనిపిస్తుంది. పోయేది ముఖ్యంగా ఓ-రింగులే. అంటే చిన్న రబ్బరు వలయాలు, చిల్లర ఖరీదు.

పొడుగాటి గొట్టం కొంటే గురి బాగుంటుందని కొట్లో చెబుతారు. నమ్మకండి. గొట్టం లోపల నున్నగానే వుంటుంది, రైఫిలుకున్నట్టు మెలికలుండవు. గోళీ లోపల వున్నది ద్రవం, పైనున్నది జెలటిన్ పొర, మందుల షాపులో దొరికే కాప్స్యూల్ పొరలాంటిది. కచ్చితమైన గుండ్రమూ కాదది. పన్నెండు, పద్నాలుగు అంగుళాల గొట్టం దాటాక లాభం లేదు. మంచి గోళీలు కొంటే అంతకంటే మేలు.

ఇక వాయువు. అసలు విషయమంతా ఇక్కడే వుంది. మార్కరు ఏది కొన్నా దాన్ని నడిపేది రెండింటిలో ఒకటి: కార్బన్ డయాక్సైడ్, లేకపోతే సంపీడిత గాలి.

బి.ఎస్సీ. ఫిజిక్సులో ఆండ్రూస్ ప్రయోగం చదివినవాళ్ళు ఇక్కడ కాస్త చెవి ఒగ్గాలి. పరీక్షకోసం బట్టీపట్టిన ఆ సమోష్ణ రేఖలు మార్కరు సీసాలో ప్రాణం పోసుకుంటాయి. సీసాలో వున్నది సగం ద్రవం, సగం వాయువు. ద్రవం మిగిలివున్నంతసేపు లోపలి పీడనం ఎంత వాడాం అన్నదానిమీద కాక వుష్ణోగ్రతమీదే ఆధారపడుతుంది. 21 డిగ్రీల దగ్గర చదరపు అంగుళానికి సుమారు 850 పౌండ్లు. సున్నా డిగ్రీల దగ్గర అది 500కి పడిపోతుంది. (మన కారు టైర్లలో 30, 35 వుంటుందంతే.) చలికాలంలో గోళీ ఎదుటివాడి కాళ్ళదగ్గర పడిపోవడానికి కారణం ఇదే. ఇంకో చిక్కుంది. గబగబా పేలిస్తే ద్రవం గబగబా ఆవిరవాలి. దానికి కావలసిన గుప్తోష్ణం సీసానుంచే తీసుకుంటుంది. సీసా చల్లబడి పైన మంచు పేరుకుంటుంది, పీడనం తగ్గుతుంది, వేగం తగ్గుతుంది. కొన్నిసార్లు ద్రవమే మార్కరులోకి దూరి తెల్లని పొగ వస్తుంది, ఓ-రింగులు బిగుసుకుపోయి పగులుతాయి.

దీనికి రెండోవైపు ప్రమాదకరమైంది. పొద్దున్న చలిలో వేగం కొలిచి 280 అడుగులని సరిపెట్టుకుంటాం. మధ్యాహ్నం ఎండెక్కాక అదే మార్కరు 300 దాటిపోతుంది. మీట నొక్కేవాడికి తేడా తెలియదు, తగిలినవాడికి తెలుస్తుంది. అందుకే వేగం కొలిచే యంత్రం దగ్గరికి రోజులో రెండుమూడుసార్లయినా వెళ్ళాలి. 31 డిగ్రీలు దాటితే, అంటే సందిగ్ధ వుష్ణోగ్రత దాటితే, సీసాలో ద్రవమే వుండదు, పీడనం ఎగబాకుతుంది. మన మే నెల సంగతి చెప్పనక్కర్లేదు. అలాంటి ఎండలో తలుపులేసిన కారులో నిండు సీసా వదిలేస్తే రక్షణకోసం పెట్టిన పలుచని రేకు చిట్లి వాయువంతా పోతుంది. ఆ రేకు వున్నందుకు దణ్ణం పెట్టుకోవాలి.

సంపీడిత గాలికి ఈ తిప్పలు చాలావరకు లేవు. సీసాలో 3000 పౌండ్లదో 4500 పౌండ్లదో పీడనం వుంటుంది. మూతిదగ్గరున్న రెగ్యులేటరు దాన్ని సుమారు 800కి దించి మార్కరుకిస్తుంది. వేగం నిలకడగా వుంటుంది. 48 ఘనపు అంగుళాల 3000 పౌండ్ల అల్యూమినియం సీసా కొత్తవాడికి చాలు. నాలుగైదువందల గోళీలు వస్తాయి. ఎలక్ట్రానిక్ జాతికి గాలి తప్పనిసరనే అనుకోండి. మెకానికల్ జాతి రెండింటితోనూ నడుస్తుంది. మీరు ఆడే స్థలంలో ఏది నింపుతారో కనుక్కున్నాకే సీసా కొనాలి. గాలి సీసా పాతది కొంటే దానిమీద కొట్టిన పరీక్ష తేదీ చూడండి. గడువు దాటితే ఎవరూ నింపరు, నింపకూడదు కూడా. గాలి నింపే ముక్కులో నూనె చుక్క వెయ్యవద్దు. అంత పీడనంతో గాలి దూసుకొస్తే నూనె అంటుకుంటుంది. డీజిల్ ఇంజనులో జరిగేదే అది.

కార్బన్ డయాక్సైడ్ సీసా విషయంలో ఒక జాగ్రత్త ప్రాణంతో సమానం. సీసాని మార్కరునుంచి మరతిప్పి తీస్తాం కదా. సీసా మెడలోని కవాటం వదులైవుంటే, మార్కరునుంచి సీసా వూడుతోందనుకుంటూ నిజానికి కవాటంనుంచి సీసాని వూడదీస్తుంటాం. ఆఖరి మర దాటగానే సీసా రాకెట్టులా ఎగురుతుంది. ఇలా మనుషులు చనిపోయిన సందర్భాలున్నాయి. దీనికి విరుగుడు కానీ ఖర్చులేనిది. కవాటం మీదనుంచి సీసా మెడమీదికి ఒకే గీత నెయిల్‌పాలిష్‌తో గియ్యండి. తిప్పుతుంటే గీత రెండు ముక్కలుగా విడిపోయిందా, అక్కడే ఆపి అందరినీ దూరంగా వుండమని తెలిసినవాడికి అప్పగించండి. అమ్మాయిల హాస్టలుకి వెళ్ళి నెయిల్‌పాలిష్ అడిగితే నన్ను చూసి నవ్వారు. ఇచ్చారు లెండి.

సెకండ్‌హాండ్ మార్కరు కొనడంలో తప్పులేదు. విద్యార్థికి అదే దారి. కాని నిండు సీసా తగిలించి చూపించమనాలి. చెవి దగ్గరపెట్టి బుస్సుమన్న చప్పుడుందేమో వినాలి. మన ఎదుటే విప్పి మళ్ళీ బిగించమనాలి. బిగించలేనివాడు దాన్నెప్పుడూ శుభ్రం చెయ్యలేదన్నమాట. వేగం తగ్గించే స్క్రూ పనిచేస్తోందా చూడాలి. రంగులు, నకిలీ దూరదర్శినులు, సైన్యపు అలంకారాలు వున్నందుకు ఒక్క డాలరు కూడా ఎక్కువివ్వవద్దు. పైగా నిజం తుపాకిలా కనిపించే మార్కరుని సంచిలోంచి తీసి వీధిలో పట్టుకు నడిస్తే పోలీసులకు తేడా తెలియకపోవచ్చు. ఆ దేశంలో ఇది నవ్వులాట కాదు.

డబ్బు అసలు పోయేది గోళీలమీద. డబ్బాలో 200 పడతాయి. సెకనుకి ఎనిమిది చొప్పున పేల్చేవాడికి 25 సెకన్ల కాలక్షేపం! రెండువేల గోళీల పెట్టె ఒక్కపూటలో ఖాళీచేసే ఎలక్ట్రానిక్ వీరుల్ని చూశాను. నెలతిరిగేసరికి మన గదిలో అద్దె వాటాకి అప్పడిగిందీ వాళ్ళే. అందుకని కూడా నెమ్మదైన మార్కరే మనకి మంచిది. హైదరాబాదు శివార్లలో కూడా ఇప్పుడు మార్కర్లు అద్దెకిచ్చి ఆడించే స్థలాలున్నాయి గనక, విమానమెక్కేముందే ఒకసారి ఆడి చూడవచ్చు. అక్కడైనా, ఇక్కడైనా నాలుగైదుసార్లు అద్దెదానితో ఆడాకే కొనండి.

మిగిలిపోయిన గోళీల్ని వచ్చేనెలకని దాచకండి. జెలటిన్ తేమ పీల్చుకుని వుబ్బుతుంది, గొట్టంలోనే పగులుతుంది. నేను దాచిన మూడువందల గోళీలూ మంచంకింద ఒకదానికొకటి అంటుకుని బూందీ వుండలాగ తయారయ్యాయి.