ఎత్తు పెంచిన ట్రక్కు – వణికే స్టీరింగు

అమెరికాకు వచ్చిన తొలి తరం తెలుగువారికి వాహనం ఇంటి నుండి ఉద్యోగానికి, ఉద్యోగం నుండి ఇంటికి చేర్చే సాధనం మాత్రమే. ఇక్కడ పుట్టి పెరిగిన సంతానానికి అది అంతకు మించినది. టెక్సాస్‌లోనో కొలరాడోలోనో పెరిగిన యువకుడు తన తొలి సంపాదనతో ఒక పాత జీపునో పికప్ ట్రక్కునో కొని, దానిని నాలుగంగుళాలు పైకి లేపించి, కొండ బాటలకు తగిన పెద్ద టైర్లు తొడిగించి వాకిట నిలపడం తెలుగు ఇళ్ళలో వింతగా తోచే రోజులు గడిచిపోయాయి. యూటా రాష్ట్రంలోని మోయాబ్ పట్టణంలో 1967లో ప్రారంభమైన ఈస్టర్ జీపు యాత్ర వంటి ఉత్సవాలు ఈ అభిరుచికి ఎంత బలం ఉన్నదో తెలుపుతాయి.

అటువంటి బండి ఒకనాడు ఫ్రీవే మీద గంటకు 50 మైళ్ళ వేగంతో పోతూ ఉంటుంది. ముందు చక్రం వంతెన అతుకు మీద ఎక్కి దిగుతుంది. మరుక్షణం స్టీరింగు చక్రం చేతులలో నిలువక అటూ ఇటూ కొట్టుకోవడం మొదలవుతుంది. బండి ముందుభాగం అంతా ఊగిపోతుంది. వేగం బాగా తగ్గే వరకు ఆ కంపం ఆగదు. దీనికి ఇక్కడి వాహన ప్రియులు పెట్టుకున్న పేరు ‘డెత్ వాబుల్’. తెలుగులో మృత్యుకంపం అనవచ్చును. ఈ సంగతి విన్న తండ్రి బండిని అమ్మివేయమంటాడు. స్నేహితులు స్టీరింగు డాంపరు మార్పించమంటారు. ఈ రెండు సలహాలలో ఏదీ కారణాన్ని వెదకదు. నిప్పు లేనిదే పొగ రాదు. ఆ నిప్పు ఎక్కడ ఉన్నదో తెలుసుకొనడానికి కొంత భౌతిక శాస్త్రం, కొంత రసాయన శాస్త్రం అవసరం.

మూడు కోణాలు

ముందు చక్రాల అమరికను నిర్ణయించే కోణాలు ప్రధానంగా మూడు. బండికి ఎదురుగా నిలబడి చూసినప్పుడు చక్రం నిలువుగా ఉన్నదా, లోపలికో బయటికో వాలినదా అని తెలిపేది క్యాంబర్. పైనుండి చూసినప్పుడు రెండు చక్రాల ముందు అంచులు ఒకదాని వైపు ఒకటి మొగ్గి ఉన్నవా, ఎడంగా ఉన్నవా అని తెలిపేది టో. పక్కనుండి చూసినప్పుడు చక్రం ఏ అక్షం మీద మళ్ళుతుందో ఆ అక్షం వెనుకకు ఎంత వాలి ఉన్నదో తెలిపేది క్యాస్టర్. ఈ మూడింటిలో మన కథకు నాయకుడు క్యాస్టర్.

దీనిని అర్థం చేసుకోవడానికి సైకిలు చాలును. సైకిలు ముందు ఫోర్కు నిటారుగా ఉండదు, పైభాగం వెనుకకు వాలి ఉంటుంది. ఫోర్కు గీతను నేల వరకు పొడిగిస్తే, అది నేలను తాకే చోటు టైరు నేలను తాకే చోటుకు కొంచెం ముందు ఉంటుంది. అనగా టైరు తన అక్షం వెనుక ఈడ్చుకొని వస్తున్నది. ఈడ్చుకొని వచ్చే వస్తువు లాగేదాని దారిలోనే సాగడం సహజం. చేతులు వదిలి సైకిలు తొక్కగలగడానికి తోడ్పడే గుణాలలో ఇది ముఖ్యమైనది. మలుపు తిరిగిన తరువాత కారు స్టీరింగు దానంతట అది నడిమికి రావడంలోనూ ఈ గుణానిదే పెద్ద పాత్ర.

లెక్క వేసి చూద్దాం. 33 అంగుళాల వ్యాసం గల టైరుకు అర్ధవ్యాసం పదహారున్నర అంగుళాలు. క్యాస్టర్ 5 డిగ్రీలు ఉంటే ఈ వెనుకబాటు దూరం సుమారు 1.4 అంగుళాలు. క్యాస్టర్ 2 డిగ్రీలకు పడిపోతే అది 0.6 అంగుళానికి తగ్గిపోతుంది. చక్రాన్ని నడిమికి తెచ్చే శక్తిలో సగానికి పైగా ఈ విధంగా హరించుకుపోయినట్లే.

ఎత్తు పెంచితే జరిగేది

రాంగ్లర్ జీపులు, భారీ పికప్ ట్రక్కులు కొన్నింటిలో ముందు చక్రాలు రెండూ ఒకే గట్టి ఇరుసుకు బిగించి ఉంటాయి. ఆ ఇరుసును చట్రానికి కలిపే కడ్డీలు వెనుకకు సాగి చట్రానికి తగులుకొని ఉంటాయి. స్ప్రింగుల పొడవు పెంచి చట్రాన్ని పైకి లేపినప్పుడు ఆ కడ్డీల వెనుక కొసలు చట్రంతో పాటు పైకి పోతాయి, ముందు కొసలు ఇరుసుతో పాటు కిందనే ఉంటాయి. ఫలితంగా ఇరుసు తన చుట్టూ తాను కొంచెం తిరిగి, చక్రం మళ్ళే అక్షం పైకొస ముందుకు వంగుతుంది. క్యాస్టర్ తగ్గుతుంది.

కడ్డీ ఇరుసుకు కదలకుండా బిగించి ఉన్న రకం బండిలో ఈ మార్పును సులువుగా అంచనా వేయవచ్చును. కడ్డీ పొడవు 40 అంగుళాలు, పెంచిన ఎత్తు 4 అంగుళాలు అనుకుంటే, కోణం పదింట ఒక వంతు రేడియన్, అనగా 5.7 డిగ్రీలు. కర్మాగారంలో ఇచ్చిన క్యాస్టర్ మొత్తం దీనికి సరిపోవచ్చును. పైన రెండు, కింద రెండు కడ్డీలు ఉండే అమరికలో ఈ నష్టం తక్కువ, ఐనా పూర్తిగా లేకపోలేదు.

మరొక మార్పు కూడా జరుగుతుంది. ఇరుసు పక్కలకు జరగకుండా అడ్డంగా పట్టి ఉంచే కడ్డీని ట్రాక్ బార్ అంటారు. స్టీరింగు పెట్టె నుండి చక్రానికి కదలికను చేర్చే కడ్డీ డ్రాగ్ లింక్. ఈ రెండూ సమాంతరంగా ఉన్నంత వరకు గుంటలలో పడినా స్టీరింగు కదలదు. ఎత్తు పెంచిన తరువాత వీటిలో ఒకదాని వాలు మాత్రమే మార్చితే, ప్రతి కుదుపూ స్టీరింగును ఒకవైపు లాగుతుంది.

ఇక పెద్ద టైర్ల సంగతి. టైరు వ్యాసం 29 అంగుళాల నుండి 35 అంగుళాలకు, బరువు 40 శాతం పెరిగిందనుకుందాం. జడత్వ భ్రామకం బరువుతో పాటుగా, వ్యాసార్ధపు వర్గంతో పాటుగా పెరుగుతుంది కనుక అది సుమారు రెట్టింపు అవుతుంది. సన్నని కీళ్ళు మాత్రం పాతవే!

బొంగరం చేసే అల్లరి

తిరిగే చక్రం ఒక పెద్ద బొంగరం. తిరుగుతున్న బొంగరాన్ని ఒకవైపు వంచితే అది ఆ వైపు వాలక అడ్డంగా పక్కకు తిరుగుతుందన్నది పిల్లలకు కూడా అనుభవమే. గట్టి ఇరుసు బండిలో ఒక చక్రం గతుకు ఎక్కగానే ఇరుసు మొత్తం ఒకవైపు వాలుతుంది. అప్పుడు రెండు చక్రాలూ బొంగరం వలెనే పక్కకు మళ్ళజూస్తాయి. మళ్ళిన చక్రాలు తిరిగి ఇరుసును వాల్చుతాయి. ఈ రెండు చలనాలూ ఒకదానికి ఒకటి ఊతమిచ్చుకుంటే కంపం పెరుగుతూ పోతుంది.

ఇది నూరేళ్ళ నాటి సమస్య. 1923లో ఫైర్‌స్టోన్ సంస్థ తక్కువ గాలి పీడనంతో పనిచేసే బెలూన్ టైర్లను మార్కెట్టులోకి తెచ్చింది. ప్రయాణం మెత్తనైంది, కాని ముందు చక్రాల వణుకు ఆ దశాబ్దపు ఇంజనీర్లకు పెద్ద తలనొప్పి అయింది. 1925లో ఫ్రెంచి ఇంజనీరు జార్జ్ బ్రూలియే ఈ వణుకును శాస్త్రీయంగా విశ్లేషించి, టైరు పక్కకు జారే గుణానికి అందులో గల పాత్రను ఎత్తి చూపాడు. రోల్స్ రాయిస్ నుండి 1930లో కాడిలాక్‌కు వచ్చిన మారిస్ ఆలీ, ముందు చక్రాలు రెండింటినీ ఒకే ఇరుసుకు కట్టివేయరాదన్న వాదానికి గట్టి ఆధారాలు సమకూర్చాడు. 1934 నాటి జనరల్ మోటార్స్ కార్లలో ముందు చక్రాలకు విడివిడి సస్పెన్షన్ రావడానికి ఇది ముఖ్య కారణాలలో ఒకటి. కార్లు గట్టి ఇరుసును విడిచిపెట్టాయి. రాళ్ళబాటలలో దృఢత్వం కావలసిన జీపులు, భారీ ట్రక్కులు కొన్ని దానిని నేటికీ విడువలేదు.

రెండు రకాల వణుకు

ఇక్కడ ఒక భేదాన్ని గుర్తించాలి. టైరు సమతూకం తప్పినందువలన వచ్చే వణుకు ఒకటి. 33 అంగుళాల టైరు గంటకు 50 మైళ్ళ వేగంలో సెకనుకు ఇంచుమించు ఎనిమిదిన్నర సార్లు తిరుగుతుంది. దాని మీద ఎక్కడైనా బరువు ఎక్కువైతే అన్నిసార్లు కుదుపు వస్తుంది. బండి సహజ పౌనఃపున్యం దానితో కలిసినప్పుడు అనునాదం కలుగుతుంది. వేగం పెంచినా తగ్గించినా ఈ వణుకు సద్దుమణుగుతుంది.

మృత్యుకంపం వేరు. అది స్వయంప్రేరిత డోలనం. ఫిడేలు కమాను ఒకే దిశలో మెల్లగా సాగుతున్నా తీగ దాని నుండి శక్తిని గ్రహించి కంపించినట్లు, బండి ముందుకు పోయే వేగం నుండే ఈ కంపం శక్తిని తీసుకుంటుంది. గతుకు దానిని నిద్ర లేపుతుంది, అంతే. సూపర్ మార్కెట్టు బండి చిన్న చక్రం వేగంగా తోసినప్పుడు టపటపా కొట్టుకోవడం ఈ కోవలోనిదే. అక్కడ వెనుకబాటు దూరానికి కొదవ లేదు. కొదవ ఉన్నది కీలు బిగువుకు. కనుక క్యాస్టర్ సరిచేసినంత మాత్రాన వదులైన కీలు బిగుసుకోదని గ్రహించాలి.

రబ్బరు రహస్యం

ఈ కడ్డీల కొసలలో రబ్బరు బుష్‌లు ఉంటాయి. సహజ రబ్బరు పొడవైన అణుశృంఖలాలతో ఏర్పడిన పదార్థం. 1839లో చార్లెస్ గుడ్‌ఇయర్ కనుగొన్న పద్ధతిలో గంధకంతో కలిపి వేడిచేసినప్పుడు ఆ శృంఖలాల మధ్య వంతెనలు ఏర్పడి రబ్బరుకు దృఢత్వం వస్తుంది. సాగి ముడుచుకొనేటప్పుడు అది కొంత శక్తిని వేడిగా మార్చివేస్తుంది. కంపాన్ని అణచే గుణం అదే. ఐతే శృంఖలాలలో మిగిలి ఉన్న ద్విబంధాలు గాలిలోని ఓజోనుకు సులువుగా లొంగిపోతాయి. ఏండ్ల తరబడి ఓజోను, ఆక్సిజను, ఇంజను వేడి, కారిన నూనె తగిలి రబ్బరు బీటలు వారుతుంది, లేదా మెత్తబడి ఉబ్బుతుంది. బయటికి బాగానే కనిపించే బుష్ లోపల నుజ్జై ఉండవచ్చును. పాత బండికి కొత్త స్ప్రింగులు వేసి పాత బుష్‌లను అలాగే ఉంచడం, బీటలు వారిన గోడ మీద మరొక అంతస్తు లేపడం వంటిది.

కీలు, అతుకు ఎంత ముఖ్యమో కొత్త బండ్లు కూడా నేర్పాయి. 2018లో ట్రాక్ బార్ బ్రాకెట్ వెల్డింగు లోపం మూలంగా కొన్ని కొత్త రాంగ్లర్ జీపులను తయారీ సంస్థ వెనక్కి పిలిపించవలసి వచ్చింది.

సవరించే క్రమం

మొదటి మెట్టు టైర్లు. గాలి పీడనం, సమతూకం, అరుగుదల చూడాలి.

రెండవ మెట్టు కీళ్ళు. చక్రాలు నేలమీదనే ఉంచి, ఇంజను నడుస్తుండగా, గేరు పార్కింగులో పెట్టి, చేతి బ్రేకు వేసి, చక్రాలకు అడ్డుకట్టలు పెట్టి, ఒకరు స్టీరింగును కొద్దిగా అటూ ఇటూ తిప్పుతూ ఉండాలి. మరొకరు బండి కిందికి దూరకుండా, పక్కనుండి వంగి ట్రాక్ బార్ కొసలను, టై రాడ్ కొసలను గమనించాలి. బోల్టు తన రంధ్రంలో ఏమాత్రం కదిలినా దోషం అక్కడ ఉన్నట్లే. తరువాత చక్రాన్ని నేలనుండి లేపి, స్టాండు మీద భద్రంగా నిలిపి, పైనా కిందా పట్టుకొని ఊపితే బాల్ జాయింట్ల, బేరింగుల వదులు తెలుస్తుంది. రబ్బరు బుష్‌ల బోల్టులను బండి బరువు చక్రాల మీద ఉన్నప్పుడే, తయారీదారు చెప్పిన టార్కుకు బిగించాలి. గాలిలో ఉండగా బిగిస్తే రబ్బరు ఎల్లప్పుడూ మెలిపడి త్వరగా చినుగుతుంది.

మూడవ మెట్టు క్యాస్టర్. పొడవు మార్చుకోదగిన కడ్డీలు, క్యామ్ బోల్టులు, లేదా కడ్డీ కొసలను కిందికి దించే బ్రాకెట్లు దీనికి సాధనాలు. ఇక్కడ అత్యాశ పనికిరాదు. ఇరుసును వెనుకకు తిప్పిన కొద్దీ ముందు డ్రైవ్ షాఫ్టు తగులుకొనే ముక్కు కిందికి వంగి, షాఫ్టు కీలు కోణం పెరిగి, కొత్త వణుకు పుట్టవచ్చును. కొండనాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడినట్లు కాకూడదు. ఎత్తు పెంచిన బండికి ఈ రెండింటి మధ్య రాజీయే దారి.

నాలుగవ మెట్టు టో. క్యాస్టర్ మారితే టో కూడా మారవచ్చును కనుక దీనిని తరువాతనే చూడాలి. రెండు టైర్ల నడుమ దూరాన్ని ఇరుసు ఎత్తులో ముందువైపు ఒకసారి, వెనుకవైపు ఒకసారి కొలిచి, ముందు కొలత అంగుళంలో పదహారవ వంతు నుండి ఎనిమిదవ వంతు వరకు తక్కువ ఉండేటట్లు టై రాడ్‌ను తిప్పడం వాడుకలో ఉన్న పద్ధతి. 33 అంగుళాల టైరుకు ఎనిమిదవ వంతు అంగుళం అంటే ఐదవ వంతు డిగ్రీ! ఇంత సూక్ష్మమైన కొలత కనుక చివరకు అలైన్‌మెంట్ యంత్రం మీద సరిచూపించడమే మేలు.

ఐదవ మెట్టు స్టీరింగు చక్రాన్ని డ్రాగ్ లింక్ ద్వారా నడిమికి తేవడం. ఇది అందం కోసం కాదు. 2012 నమూనా నుండి అమెరికాలో కార్లకు, తేలికపాటి ట్రక్కులకు తప్పనిసరి ఐన స్థిరత్వ నియంత్రణ వ్యవస్థ స్టీరింగు కోణాన్ని చూసి నిర్ణయాలు చేస్తుంది. చక్రం వంకరగా ఉంటే, తిన్నగా పోయే బండి మలుపు తిరుగుతున్నదని అది భ్రమపడవచ్చును.

అన్నీ ఐన తరువాతనే డాంపరు. అది కంపాన్ని కప్పిపుచ్చగలదే గాని కారణాన్ని తొలగించలేదు. జ్వరం మాత్ర వేసుకొని రోగం నయమైనదనుకోవడం ఎటువంటిదో, ముందుగా డాంపరు మార్చడం అటువంటిది.

కంపం మొదలైన క్షణంలో

ఇంట బండి నడిపే ప్రతివారికీ ఇది చెప్పి ఉంచాలి. స్టీరింగును రెండు చేతులా గట్టిగా పట్టుకోవాలి, బొటనవేళ్ళు మాత్రం చక్రపు ఆకుల మధ్య దూర్చరాదు. యాక్సిలరేటరు మీద కాలు తీయాలి. బ్రేకును మెల్లగా నొక్కుతూ, వెనుక వచ్చే బండ్లను గమనిస్తూ, దారి పక్కకు చేర్చాలి. స్టీరింగును గట్టిగా తిప్పి ఆ కంపాన్ని గెలవాలని చూడరాదు. ఒకసారి వచ్చిన తరువాత అది మళ్ళీ రాదన్న నమ్మకంతో మరునాడు ఫ్రీవే ఎక్కరాదు.

కుమారుడు ఎత్తు బండి కావాలని అడిగినప్పుడు తండ్రి వద్దన్నా, ఔనన్నా, ఇద్దరూ కలిసి ఒక శనివారం ఉదయం దాని పక్కన వంగి ఆ కీళ్ళను పరీక్షించడం మంచిది. బండి ఎంత ఎత్తు ఉన్నదన్నది చూసేవారికి కనిపిస్తుంది. అది ఎంత భద్రంగా ఉన్నదన్నది మాత్రం వంగి చూసినవారికే కనిపిస్తుంది.