పటం వెనక్కి తిప్పండి

పాత పటంలో ఉన్నది ఎవరో తేల్చాలంటే మనం ముందు ముఖాలే చూస్తాం. తాతగారి ముక్కు, మేనత్త పోలిక, మెడలో కాసులపేరు. అసలు ఆధారాలు ఎక్కువగా ఉండేది అట్ట అంచున, దాని వెనక. ఇంటి నుంచి వాట్సాప్‌లో మనకొచ్చే ఫోటోల్లో సరిగ్గా ఆ భాగమే ఉండదు. గోడ మీది పటాన్ని సెల్‌ఫోన్‌తో తీసి, అంచులు కత్తిరించి పంపేస్తారు. ఇది చూసినప్పుడల్లా ప్రాణం ఉసూరుమంటుంది.

ఆ రోజుల్లో స్టూడియోవాళ్లు ఫోటోను మందపాటి అట్ట మీద అంటించి, కింద తమ పేరూ ఊరూ అచ్చొత్తేవారు. ఉబ్బెత్తు అక్షరాలైతే టార్చిలైటు పక్క నుంచి వేసి చూస్తే చదవొచ్చు. వెనక పెన్సిలుతో అంకె కనిపిస్తే అది నెగటివు నంబరు కావచ్చు. కాగితం కూడా కాలం చెబుతుంది. పల్చగా, పసుపు గోధుమ రంగుకు తిరిగి, భూతద్దంలో నారలు కనిపిస్తే కోడిగుడ్డు తెల్లసొన పూసిన ఆల్బుమెన్ ప్రింటు అనుకోవచ్చు. అది ఎక్కువగా పంతొమ్మిదో శతాబ్దపు పద్ధతి. పటాన్ని వెలుగులో ఏటవాలుగా పట్టుకుంటే నల్లటి చోట్ల వెండి మెరుపు తేలుతోందా? అయితే చాలావరకు తర్వాతి కాలపు జెలటిన్ ప్రింటు.

దుస్తులను నమ్మి ఏళ్లు లెక్కకట్టొద్దు. కోటూ బూట్లూ స్టూడియోవే అయి ఉండొచ్చు. వెనక తెర మీది స్తంభాలను, నగిషీల కుర్చీని మాత్రం గుర్తుపెట్టుకోండి. అదే తెర, అదే కుర్చీ స్టూడియో పేరున్న మరో ఇంటి ఫోటోలో కనబడితే మీ పటం ఏ ఊళ్లో తీసిందో దాదాపు తేలినట్టే.

మన ఇళ్లలో ఇంకో చిక్కుంది. మనిషి పోయాక పెళ్లి గ్రూపు ఫోటోలోంచి ఆ ముఖాన్ని వేరుచేసి, పెద్దది చేయించి, కోటూ కండువా కుంచెతో దిద్దించి పటం కట్టించేవారు. అలాంటి పటం వయసు వేరు, అందులోని ముఖం వయసు వేరు. మెడ దగ్గర కుంచె గీతలు కనిపిస్తే మూలం ఏ బంధువుల ఇంట్లో ఉందో వెతకండి. అందులో పక్కన నిలబడ్డవాళ్లను గుర్తుపడితే ఈ మనిషీ దొరుకుతాడు.

హైదరాబాదు వైపు కుటుంబాలు అట్ట మీద రాజా దీన్‌దయాళ్ (1844–1905) పేరుందేమో చూసుకోవాలి. ఆయన ఆరో నిజాం ఆస్థాన ఫోటోగ్రాఫరు. సికింద్రాబాదులో స్టూడియో నడిపారు, ఘోషా స్త్రీల కోసం హైదరాబాదులో విడిగా జెనానా స్టూడియో పెట్టారు. ఆయన గాజు నెగటివులు ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళా కేంద్రంలో ఉన్నాయి. పూర్వీకులు కూలి ఒప్పందం మీద మారిషస్ వెళ్లినవారైతే, అక్కడి మోకా ఊళ్లోని మహాత్మాగాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో వలస రిజిస్టర్లతో పాటు ఆనాటి వలసదారుల ఫోటోలూ భద్రంగా ఉన్నాయి.

ఈసారి ఇంటికి ఫోన్ చేసినప్పుడు పటాన్ని గోడ మీంచి దింపించండి. ఫోటో అద్దానికి అంటుకుపోయి ఉంటే లాగొద్దని చెప్పండి. అంటుకోకపోతే ఫ్రేము విప్పించి, అట్టతో సహా రెండు వైపులా స్కాన్ చేయించండి. ఇంట్లో పెద్దావిడ ఓపికగా కూర్చోగలిగినప్పుడే ఎడమ నుంచి కుడికి పేర్లు చెప్పించుకుని, అట్ట వెనక మెత్తటి పెన్సిలుతో రాయించండి. బాల్‌పెన్ వద్దు.