ఇంటి సర్వరుకు మెమరీ ఎంత?

ఇంట్లోని వారందరి ఫోటోలు, వీడియోలు, చదువుల కాగితాలు ఒకచోట దాచి, ఎవరికి కావలసినవి వారికి అందించే కంప్యూటరును ఫైలు సర్వరు అంటారు. ఇలాంటి పనికి చాలామంది లైనక్స్‌ను ఎంచుకుంటారు. ఫిన్లాండులో చదువుకుంటున్న లైనస్ టోర్వాల్డ్స్ 1991లో దీనికి శ్రీకారం చుట్టాడు. ఇది ఉచితంగా దొరుకుతుంది. పాత యంత్రం మీద కూడా నడుస్తుంది. ఖర్చంతా డిస్కులకు, మెమరీకి. మెమరీనే దుకాణాల్లో ర్యామ్ అంటారు.

డిస్కు ధాన్యపు గాదె అయితే, మెమరీ వంటింట్లోని బియ్యం డబ్బా. గాదె పెద్దదైనంత మాత్రాన డబ్బా పెద్దది కానక్కరలేదు. ఇంట్లో తినేవారెందరో చూడాలి. ఒక టెరాబైటు డిస్కుకు ఒక గిగాబైటు మెమరీ ఉండాలనే మాట తరచు వినబడుతుంది. అది జడ్.ఎఫ్.ఎస్. అనే ఫైలు వ్యవస్థను వాడేవారిలో ప్రచారమైన లెక్క. ఇంటి సర్వరులన్నిటికీ అది నియమం కాదు.

పైగా ఇంటి నెట్‌వర్కు గిగాబిట్ వేగానిదైతే, దాని తీగలో సెకనుకు 125 మెగాబైట్లకు మించి పోవు. పెద్ద ఫైలును ఆ వేగంతో చదవడం నేటి మామూలు హార్డుడిస్కుకు కష్టం కాదు. కాబట్టి మెమరీని నాలుగింతలు చేసినా అలాంటి ఫైలు త్వరగా చేరదు.

సర్వరు కొత్తగా పెట్టినవారు ‘ఫ్రీ’ అనే ఆదేశం ఇచ్చి చూసి కంగారుపడతారు. మెమరీ దాదాపు అంతా నిండినట్లు కనిపిస్తుంది! నిజానికి లైనక్స్ ఖాళీ మెమరీని వృథాగా ఉంచదు. ఇటీవల చదివిన ఫైళ్ళ నకళ్ళను అందులో ఉంచుకుంటుంది. అదే ఫైలును మరొకరు అడిగితే డిస్కు దాకా పోనక్కరలేదు. వేరే ప్రోగ్రాముకు చోటు కావలసివస్తే ఆ నకళ్ళను తీసివేస్తుంది. అందుచేత చూడవలసింది ‘ఫ్రీ’ గడిని కాదు, ‘అవైలబుల్’ గడిని. అది ఎప్పుడూ సున్నాకు దగ్గరగా ఉండి, డిస్కు మీది స్వాప్ భాగంలోకి రాకపోకలు ఆగకుండా సాగుతూ ఉంటే మెమరీ చాలనట్లే.

ఫైళ్ళు అందించడమే పని అయితే 2 గిగాబైట్లతో నడుస్తుంది, 4 ఉంటే సుఖం. వీడియోలను వేరే రూపంలోకి మార్చడం, ఫోటోలలో ముఖాలు గుర్తించడం వంటి పనులు కూడా అప్పగిస్తే 8 కావాలి. అంతకు మించి పెట్టదలచిన డబ్బుతో రెండో డిస్కు కొని అన్నిటికీ నకలు తీసి ఉంచడం మేలు. డిస్కు చెడిపోయిననాడు అమ్మమ్మ ఫోటోను మెమరీ తిరిగి తేలేదు. మదర్‌బోర్డు మీద ర్యామ్‌కు ఒక గడి ఖాళీగా ఉంటే, అవసరమైనప్పుడు మరొకటి చేర్చుకోవచ్చు.