మన పెరటిలో దుంపపూలు

వర్డ్స్‌వర్తు కవి 1807లో ప్రకటించిన డాఫడిల్ పూల పద్యమును మావారు బడిలో బోధించునపుడెల్ల పిల్లలు ఆ పూవును చూడగోరుదురు. అందుచేత, కాశ్మీర యాత్రకు బోయిన బంధువులు తెచ్చిన దుంపలను మేము నంద్యాలలో మా పెరటియందు నాటితిమి. నాలుగాకులు వచ్చినవి గాని పూవొక్కటియు రాలేదు. ఆ దుంప పూయవలెనన్న మూడు నాలుగు నెలలు గట్టి చలి తగులవలయును. మనకది యెక్కడిది? పైగా నల్లరేగడిలో నీరు నిలిచి దుంపలు కుళ్లిపోయెను.

అంతకన్న భయమైన సంగతి వేరొకటి. నాటగా మిగిలిన దుంపను ఉల్లిగడ్డ యనుకొని మా చిన్నది కత్తిపీట యొద్దకు దెచ్చినది! డాఫడిల్ దుంప విషము. తిన్నచో వాంతులు, విరేచనములు కలుగును. సోదరీమణులారా, ఏ పూలదుంపనైనను చీటి కట్టి వంటయింటికి దూరముగ నుంచుడు.

పిదప ఆళ్లగడ్డనుండి మా వదినగారు నేలసంపెంగ దుంపలను పంపిరి. ఇది మెక్సికోనుండి వచ్చినది. కాని యెండను కోరునది. రేగడిమన్నులో ఇసుకయు, మాగిన పశువుల యెరువును గలిపి, జానెడెత్తు మడి కట్టి, అడుగు ఎడముగ, రెండు మూడంగుళముల లోతున నాటితిమి. పైమన్ను ఆరిన పిదపనే నీరు పోసితిమి. నాలుగవ నెలలో కాడ వెడలి, మొగ్గలు క్రిందినుండి పైకి వరుసగ విచ్చినవి. రాత్రివేళ పరిమళము వీధివరకు వచ్చుచున్నది.

ఆకులు పండబారగనే నీరు తగ్గించవలెను. రెండు మూడేండ్లకొకసారి దుంపలను త్రవ్వి, పిల్లదుంపలను వేరుచేసి నాటవలెను. మా మడిలోని పిల్లదుంపలను బడిపిల్లల తల్లులకు పంచ నిశ్చయించితిమి.