పిల్లలకు పండ్ల సల్సా: నింద పండుది, తప్పు కాలానిది

ఎండలు ముదిరే వేళకు డోర్నకల్‌లో పండ్లకు కొదవ ఉండదు. మామిడి, పుచ్చకాయ, కర్బూజ, తాటి ముంజలు ఒకదాని వెనక ఒకటి దిగుతాయి. చలికాలంలో జామ, బొప్పాయి, రేగు. అయినా చాలా ఇళ్లలో పిల్లల చేతికి పండు అందేలోపే ఏదో ఒక అభ్యంతరం అడ్డొస్తుంది. “మామిడిపండు వేడి చేస్తది”, “జామకాయ తింటే సర్ది అయితది”, “పుల్లటివి వద్దు బిడ్డా, గొంతు పట్టుకుంటది.” అదే పిల్లవాడు పొద్దుటి నుంచి కోసి ఎండలో పెట్టిన పుచ్చకాయ ముక్క కావాలంటే మాత్రం పెద్దవాళ్లు పెద్దగా ఆలోచించకుండా కొనిపెడతారు. భయం అక్కర్లేని చోట ఉంది, ఉండాల్సిన చోట లేదు.

ఈ భయాలన్నిటినీ ఒకేసారి తట్టిలేపే వంటకం పండ్ల సల్సా. తీపి, పులుపు, ఉప్పు, కాస్త కారం, పచ్చి ఉల్లిగడ్డ అన్నీ ఒకే గిన్నెలో ఉంటాయి. పొయ్యి వెలిగించే పని లేదు. పావుగంటలో అయిపోతుంది. పిల్లలు ఇష్టంగా తింటారు కూడా.

అపోహ: సల్సా పరాయి దేశపు తిండి, మన పిల్లలకు పడదు.

సల్సా పుట్టిల్లు మెక్సికో. అందులో పడే టమాటా, మిరప అక్కడివే. పోర్చుగీసు వాళ్లు సముద్రం దాటించాక 16వ శతాబ్దంలో మిరప మన గడ్డ మీదికి వచ్చింది, అంతకుముందు మన వంటల్లో కారమంటే మిరియాలే. ఎదురు దారిలో మన ఆసియా మామిడి ఫిలిప్పీన్స్ మీదుగా ఓడలెక్కి మెక్సికో చేరింది. అక్కడ బాగా ఇష్టపడే ఒక మామిడి రకాన్ని ఇప్పటికీ మనీలా మామిడి అనే పిలుస్తారు. అక్కడి వీధుల్లో మామిడి ముక్కల మీద నిమ్మరసం పిండి, ఉప్పూ కారం చల్లి అమ్ముతారు. రైల్లో జామకాయను నాలుగు చీలికలు కోసి ఉప్పూకారం అద్ది ఇచ్చే మనిషిని ఎరిగినవారికి ఇందులో కొత్తేముంది? ఉగాది నాడు తెలంగాణ ఇళ్లలో చేసే పచ్చడి సంగతీ అంతే. మామిడికాయ, బెల్లం, చింతపులుసు, వేపపువ్వు, ఉప్పు, కారం పడతాయి, చాలాచోట్ల అరటిపండు ముక్కలూ వేస్తారు. ఏడాదికోసారి ఆరు రుచులూ కలిపి తాగే పిల్లలకు నాలుగు రుచుల గిన్నె పడకపోవడానికి కారణం కనబడదు.

అపోహ: జామ, పుల్లటి పండ్లు జలుబు తెస్తాయి. మామిడి సెగగడ్డలు లేపుతుంది.

జలుబును తెచ్చేవి వైరస్‌లు. వాటిలో 200కు పైగా రకాలున్నాయి. జలుబు ఉన్నవాళ్ల తుమ్ముల ద్వారా, చేతుల ద్వారా అవి ఒకరి నుంచి ఒకరికి అంటుకుంటాయి. జామపండులో జలుబు వైరస్ పుట్టదు. మరి ఇన్ని తరాల అనుభవం అబద్ధమా అంటే, చూసింది నిజమే, కారణం పట్టుకోవడంలో పొరపాటు జరిగింది. జామ విరగకాసే చలికాలంలోనే జలుబులూ ఎక్కువ. రెండూ కలిసి కనిపించేసరికి నింద చెట్టు మీద పడింది.

మామిడి మీద నింద కూడా ఇలాంటిదే. సెగగడ్డలకు కారణం చర్మం మీద ఉండే స్టెఫైలోకాకస్ అనే బ్యాక్టీరియా. పాదరసం 40 డిగ్రీలు దాటినప్పుడు చెమట, ఒరిపిడి, గోకుడు వల్ల అది చర్మంలోకి చొరబడుతుంది. మామిడి దిగేదీ ఆ రోజుల్లోనే. అయితే ఇక్కడ పెద్దల మాటలో ఒక నిజమైన పాలు ఉంది. మామిడి తొడిమ దగ్గర కారే సొన చర్మాన్ని పొక్కిస్తుంది. జీడిపిక్క తొక్కలోని నూనెకు దగ్గరి బంధువైన రసాయనాలు అందులో ఉంటాయి. పిల్లలు టెంకను చీకినప్పుడు మూతి చుట్టూ వచ్చే మంట, దద్దుర్లు చాలాసార్లు దానివల్లే. పండ్లను నీళ్ల బకెట్లో వేసి ఉంచే అలవాటు అందుకే మంచిది. నీళ్లు తీసేది పండులోని వేడిని కాదు, తొక్క మీది సొనను. తొడిమ వైపు ఒక చెక్క తీసేసి, తొక్క చెక్కి, ముక్కలు కోసి పెడితే ఆ ఇబ్బంది రాదు. సల్సాకు ఎలాగూ అలాగే కోస్తారు.

జామ గింజలు కడుపులో ఇరుక్కుని అపెండిసైటిస్ తెస్తాయన్న భయమూ ఒకటుంది. గట్టిపడిన మలం అడ్డుపడటం, అపెండిక్స్ గోడలోని కణజాలం వాచడం దానికి మామూలుగా కనిపించే కారణాలు. గింజ కారణం కావడం చాలా అరుదు.

అపోహ: పిల్లల బలానికి ఆపిల్‌ను మించింది లేదు.

ఆస్పత్రిలో ఎవరినైనా చూడటానికి వెళ్తే ఆపిల్ పండ్లే తీసుకెళ్తారు. జామకాయలు తీసుకెళ్లడం చిన్నతనం అనుకుంటారు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో వెలువరించిన ఆహార పట్టికలు తెరిస్తే లెక్క తారుమారవుతుంది. 100 గ్రాముల జామలో విటమిన్ సి 200 మిల్లీగ్రాములు దాటుతుంది. అంతే ఆపిల్‌లో 5 మిల్లీగ్రాములు కూడా ఉండదు. ఈ తేడా చిన్నది కాదు. ఆకుకూరలు, పప్పులు, జొన్నల్లోని ఇనుమును ఒంటికి పట్టించడంలో విటమిన్ సి చేయి చాలా పెద్దది. దేశంలో 6 నెలల నుంచి 5 ఏళ్లలోపు పిల్లల్లో 67 శాతం మందికి రక్తహీనత ఉందని 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. పప్పన్నం తిన్న పిల్లకు వెంటనే నాలుగు జామ ముక్కలు పెట్టడం ఆ పప్పు విలువను పెంచడమే. ఆపిల్ చెడ్డదని కాదు, ధరను చూసి బలం లెక్కగట్టడం తప్పు.

కోసిన ఆపిల్ నల్లబడితే “చూడు, ఎంత ఐరన్ ఉందో” అనేవాళ్లూ ఉన్నారు. ఆ రంగుకు కారణం ఇనుము కాదు. గాలి తగిలినప్పుడు పండులోని ఒక ఎంజైమ్ చేసే పని అది. నిమ్మరసంలోని ఆమ్లం ఆ ఎంజైమ్‌ను మందగింపజేస్తుంది. సల్సాలో నిమ్మరసం రుచికి మాత్రమే కాదన్నమాట.

అపోహ: మిరపలో కారమంతా గింజల్లోనే.

డోర్నకల్ ఒకప్పటి వరంగల్ జిల్లాలోది, 2016 అక్టోబరు నుంచి మహబూబాబాద్ జిల్లాలో ఉంది. మహబూబాబాద్, ఖమ్మం, వరంగల్ అంతా మిరప సీమ. ఖమ్మం మార్కెట్ తేజ రకానికి పేరుపొందింది. వరంగల్ చపాటా మిరపకు 2025లో భౌగోళిక గుర్తింపు దక్కింది. దానికి రంగెక్కువ, ఘాటు తక్కువ. ఇంత మిరప పండే చోట కూడా ఈ అపోహ పోలేదు. మిరపకాయను నిలువునా చీల్చి చూస్తే, గింజలు అంటుకుని ఉండే తెల్లటి మెత్తటి భాగం ఒకటి కనిపిస్తుంది. క్యాప్సైసిన్ తయారయ్యేది, నిండా ఉండేది అక్కడ. గింజలకు దాని నుంచి అంటిందే ఎక్కువ. కాబట్టి పిల్లల కోసం గింజలు దులిపి ఊరుకుంటే చాలదు, చాకు మొనతో ఆ తెల్లటి భాగాన్ని గీకేయాలి. మిగిలిన పచ్చటి కండను సన్నగా తరిగి చిటికెడు వేస్తే మిరప వాసన వస్తుంది, మంట అంతగా ఉండదు. ఒకవేళ నోరు మండితే నీళ్ల కంటే పాలో పెరుగో మేలు. వాటిలోని కేసీన్ అనే ప్రొటీన్ క్యాప్సైసిన్‌ను పట్టి తీసుకుపోతుంది.

మూడు, నాలుగేళ్ల పిల్లలకు మిరప మానేసి వేయించిన జీలకర్ర పొడి వేస్తే సరిపోతుంది.

అపోహ: చక్కెరో తేనో కలపందే పిల్లలు తినరు. లేదంటే జ్యూస్ చేసి ఇస్తే సరి.

బంగినపల్లి మామిడికి చక్కెర కలపడం దండగ. చిటికెడు ఉప్పు చేదును అణచి తీపిని పైకి తెస్తుంది. పుల్లటి జామ మీద ఉప్పు చల్లేదీ అందుకే. తేనె విషయంలో మాత్రం గట్టిగా చెప్పాలి. ఏడాది నిండని పసిబిడ్డకు తేనె నాకించకూడదు. ఎంత స్వచ్ఛమైన అడవి తేనె అయినా అందులో బొటులిజం కలిగించే సూక్ష్మజీవి బీజాలు ఉండొచ్చు. పెద్దవాళ్ల పేగులు వాటిని ఎదగనివ్వవు, పసివాళ్ల పేగులకు ఆ శక్తి ఇంకా రాదు.

జ్యూస్ పండుకు సాటి రాదు. వడగడితే పీచు పోతుంది, మూడు పండ్ల చక్కెర ఒక గ్లాసులో చేరుతుంది. ఏడాదిలోపు పిల్లలకు జ్యూస్ అసలే వద్దని, 1 నుంచి 3 ఏళ్ల వాళ్లకు రోజుకు సుమారు 120 మిల్లీలీటర్లు దాటొద్దని అమెరికా పిల్లల వైద్యుల సంఘం 2017లో సూచించింది. “మా వాడు ముక్కలు ముట్టడు” అనే తల్లిదండ్రులు ఒక సంగతి గమనించాలి. కొత్త రుచిని పిల్లలు ఒప్పుకోవడానికి చాలాసార్లు రుచి చూడాల్సి వస్తుందని లీయాన్ బర్చ్ వంటి పరిశోధకులు 1980ల నుంచే చూపించారు. రెండుసార్లు ఉమ్మేస్తే అది ఇష్టం లేకపోవడం కాదు, ఇంకా అలవాటు కాకపోవడం. కొత్తిమీర తుంచడం, గిన్నె కలపడం వాళ్లకే అప్పగిస్తే పని సులువవుతుంది.

ఇక నిజంగా భయపడాల్సినవి. కోసిన పండు మామూలు గదిలో రెండు గంటలకు మించి ఉండకూడదు. 32 డిగ్రీలు దాటిన వేడిలో గంటే గడువు. డోర్నకల్ మే నెలలో బండి మీది ముక్కలకు ఆ గడువు ఎంత తొందరగా తీరుతుందో వేరే చెప్పక్కర్లేదు. పుచ్చకాయ తొక్క తినం కదా అని కడక్కుండా కోస్తారు. తొక్క మీది మట్టిని, క్రిములను చాకే లోపలికి దింపుతుంది. ముందు కాయ కడగాలి, తర్వాతే కోయాలి.

మామిడిని మాగబెట్టడానికి కాల్షియం కార్బైడ్ వాడటం 2011 ఆహార భద్రత నిబంధనల ప్రకారం నిషిద్ధం. అందులో ఆర్సెనిక్, భాస్వరం జాడలుంటాయి. అలాగని మాగబెట్టిన పండల్లా విషం కాదు. పండు తనంతట తాను విడుదల చేసేది ఇథిలీన్ వాయువే. గదిలో దాన్ని 100 పీపీఎం మోతాదు వరకు వాడి మాగబెట్టడాన్ని చట్టం అనుమతిస్తుంది.

అన్నిటికన్నా ఎక్కువగా మరిచిపోయేది ముక్కల సైజు. నాలుగేళ్లలోపు పిల్లలకు ద్రాక్షను గుండ్రంగా ఇస్తే గొంతులో అడ్డుపడొచ్చు, నిలువునా నాలుగు చీలికలు చేయాలి. తాటి ముంజ జారుడుగా ఉంటుంది, దాన్నీ సన్నగా తరగాలి. గట్టి జామను తురిమి ఇవ్వడం మేలు.

నలుగురు పిల్లలకు వేసవి సల్సా ఇలా చేయొచ్చు. మాగినా ఇంకా మెత్తబడని బంగినపల్లి ఒకటి, తొక్క తీసిన తాటి ముంజలు నాలుగు, గింజలు తీసిన పుచ్చకాయ ముక్కలు ఒక గిన్నెడు, సగం కీరదోస తీసుకోవాలి. అన్నిటినీ శనగగింజ సైజులో తరగాలి. చిన్న ఉల్లిగడ్డలో పావు వంతు సన్నగా తరిగి పది నిమిషాలు చన్నీళ్లలో వేసి పిండితే ఘాటు తగ్గుతుంది. కొత్తిమీర, నాలుగు పుదీనా ఆకులు, అరచెక్క నిమ్మరసం, చిటికెడు జీలకర్ర పొడి కలపాలి. ఉప్పు మాత్రం వడ్డించే ముందే. ముందే వేస్తే పుచ్చకాయ, కీర నీళ్లు వదిలి గిన్నె రసమైపోతుంది. అమెరికాలో దీన్ని చిప్స్‌తో తింటారు. ఇక్కడ కరకరలాడే సర్వపిండి ముక్కతో తోడుకుంటే దానికి తీసిపోదు. పెనం మీద గట్టిగా కాల్చిన జొన్నరొట్టె ముక్కలైనా సరే.

చలికాలంలో మామిడి స్థానంలో దోరజామ, బొప్పాయి, దానిమ్మ గింజలు వేసుకోవచ్చు. సీతాఫలం రుచికి తిరుగులేదు కానీ ముక్క నిలవదు, కలిపేసరికి గుజ్జవుతుంది. దాన్ని విడిగా తినడమే బాగుంటుంది.