కొత్త కారు కొనేవారికి: షోరూమ్ ధర నుంచి ఇంటి ముంగిలి దాకా

మన సొసైటీ పనిమీద ఏటా రంజాన్ ముందు దాతల ఇళ్ళకు వెళ్తాం. ఈ నాలుగైదేళ్ళలో ఒక మాట ఎక్కువగా వినిపిస్తోంది: "ఈసారి కాస్త తగ్గించి రాసుకోండి భాయ్, కారు తీసుకున్నాం." అలా అన్నవారిని తప్పుబట్టడం మా ఉద్దేశం కాదు. కాకినాడ ఆసుపత్రికి అమ్మనో అబ్బానో రాత్రివేళ తీసుకువెళ్ళవలసి వచ్చినవారికి ఇంట్లో కారు ఉండడం అంటే ఏమిటో తెలుసు. అయితే కారు కొన్న చాలామందికి తాము ఎంత పెట్టి కొన్నారో, అందులో ఏది తప్పనిసరి ఖర్చో, ఏది వద్దంటే తగ్గేదో తెలియడం లేదు. నెలకు మూడు, నాలుగు వేలు అనవసరంగా కంతులోకి వెళ్ళిపోతే, ముందుగా కోత పడేది పిల్లవాడి ట్యూషన్‌కో, సదఖాకో. అందుకే ఈ సంచికలో ఈ వ్యాసం.

ముందు ధర సంగతి. పేపరులో వేసే ధర ఎక్స్ షోరూమ్ ధర. అందులో జీఎస్టీ కలిసే ఉంటుంది. 2025 సెప్టెంబరు 22 నుంచి చిన్న కార్ల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గింది, పైన వేసే సెస్సు కూడా పోయింది. చిన్న కారు అంటే పొడవు 4 మీటర్లకు మించకుండా, పెట్రోలు ఇంజను అయితే 1200 సీసీ లోపు, డీజిలు అయితే 1500 సీసీ లోపు ఉన్నది. ఈ గీత దాటిన పెద్ద బండ్లకు 40 శాతం. విద్యుత్ కార్లకు ముందునుంచీ 5 శాతమే.

దీనిపైన మన రాష్ట్ర జీవిత పన్ను, అంటే లైఫ్ టాక్సు. 2021 చివరిలో సవరించిన రేట్ల ప్రకారం 5 లక్షల లోపు బండికి 13 శాతం, 5 నుంచి 10 లక్షల వరకు 14, 10 నుంచి 20 లక్షల వరకు 17, ఆపైన 18. ఇక్కడ ఒక మెలిక ఉంది. ఆదాయపు పన్నులో మాదిరిగా గీత దాటిన భాగానికి మాత్రమే ఎక్కువ రేటు పడదు, మొత్తం ధర మీద పడుతుంది. 9 లక్షల 90 వేల బండికి 14 శాతం చొప్పున 1,38,600 రూపాయలు. 10 లక్షల 10 వేల బండికి 17 శాతం చొప్పున 1,71,700. ధరలో తేడా 20 వేలు, పన్నులో తేడా 33 వేలు! పైగా 10 లక్షలు దాటితే డీలరు ఒక శాతం టీసీఎస్ కూడా వసూలు చేస్తాడు. అది పోయే డబ్బు కాదు, ఆదాయపు పన్ను రిటర్నులో చూపించి సర్దుబాటు చేసుకోవచ్చు లేదా వాపసు తెచ్చుకోవచ్చు. మనలో చిన్న వ్యాపారులు చాలామంది రిటర్ను వేయరు కనుక ఆ పది వేలూ అలాగే ఉండిపోతాయి. సేల్స్ కుర్రాడు "ఇంకో ఇరవై వేలు వేసుకుంటే అల్లాయ్ చక్రాల మోడల్ వస్తుంది సార్" అన్నప్పుడు ఆ ఇరవై వేలు ఏ గీతకు అటు పడుతున్నాయో చూసుకోవాలి.

కొటేషన్ కాగితంలో ఆ తర్వాత వరసలు మొదలవుతాయి. రిజిస్ట్రేషన్ ఫీజు కారుకు 600 రూపాయలు. లోను ఉంటే ఆ సంగతి ఆర్సీలో రాయించడానికి 1,500. హై సెక్యూరిటీ నంబరు ప్లేటు 2019 ఏప్రిల్ నుంచి బండితోనే కంపెనీ ఇవ్వాలి. ఇవి కాక "హ్యాండ్లింగ్ ఛార్జీలు", "లాజిస్టిక్స్", "ఎసెన్షియల్ కిట్" అన్న పేర్లతో ఇంకొన్ని వేలు కనిపిస్తాయి. ఇవి ప్రభుత్వానికి కట్టేవి కావు. కాగితం మీద పన్నుల మధ్యలో కూర్చోబెట్టడం వల్ల పన్నుల్లా కనబడతాయి, అంతే. "ఇది ఏ చట్టం కింద? రశీదు విడిగా ఇస్తారా?" అని మర్యాదగా అడిగితే చాలాసార్లు ఆ వరస మాయమవుతుంది. అడగడానికి మొహమాటపడేవాళ్ళు పక్కన ఒక పెద్దమనిషిని తీసుకువెళ్ళండి. చేపల బజారులో యాభై రూపాయల కోసం పది నిమిషాలు బేరమాడే మనవాళ్ళు ఏసీ గదిలో కూర్చోబెట్టి కాఫీ ఇచ్చేసరికి ఇరవై వేల దగ్గర నోరు మెదపరు!

కోటింగుల బేరం కూడా ఇలాంటిదే. ఉప్పాడ బీచ్ రోడ్డు మీద రోజూ తిరిగే బండికి ఉప్పుగాలి తుప్పు భయం నిజమే. అలాంటివారు కింది భాగానికి కోటింగు వేయించుకోవడంలో అర్థం ఉంది, అదైనా బయట రేటు కనుక్కున్న తర్వాత. పిఠాపురం బజారు, కాకినాడ రోడ్డు తప్ప తిరగని బండికి పెయింటు మెరుపు కోసం వేలు పోయనవసరం లేదు. సీటు కవర్లు, మ్యాట్లు కూడా బయట దొరుకుతాయి.

ఇన్సూరెన్సు దగ్గర మాత్రం తొందరపడి తగ్గించుకోకూడదు. సుప్రీంకోర్టు ఆదేశం మీద 2018 సెప్టెంబరు నుంచి కొత్త కారుకు థర్డ్ పార్టీ పాలసీ ఒకేసారి మూడేళ్ళకు తీసుకోవాలి. దాని ప్రీమియం ప్రభుత్వం నిర్ణయించినదే. 2022లో ప్రకటించిన రేట్ల ప్రకారం 1000 సీసీ లోపు 6,521 రూపాయలు, 1000 నుంచి 1500 సీసీ వరకు 10,640, ఆపైన 24,596. జీఎస్టీ అదనం. ఇందులో బేరం లేదు. బేరమంతా సొంత బండి నష్టానికి తీసుకునే ఏడాది పాలసీలో ఉంది. అది షోరూమ్‌లోనే తీసుకోవాలన్న నిబంధన ఎక్కడా లేదు. అదే కంపెనీ అదే పాలసీ బయట ఎంతకు ఇస్తుందో ఫోనులో చూపించండి, షోరూమ్ వాళ్ళు చాలావరకు దిగివస్తారు. ప్రీమియం తగ్గించడానికి బండి విలువను, అంటే ఐడీవీని, తగ్గించి రాస్తున్నారేమో గమనించండి. కొత్త బండికి అది ధరలో 95 శాతం ఉండాలి.

అదనపు రక్షణలలో మన ప్రాంతానికి రెండు ముఖ్యం. ఒకటి జీరో డిప్రిసియేషన్. అది లేకపోతే బంపరు వంటి ప్లాస్టిక్ భాగాలకు సగం డబ్బే వస్తుంది. రెండోది ఇంజను ప్రొటెక్షన్. 2024 సెప్టెంబరులో ఏలేరు వరద గొల్లప్రోలు, పిఠాపురం ప్రాంతాలను ముంచినప్పుడు చూశాం కదా. నీటిలో ఆగిపోయిన బండిని తాళం తిప్పి మళ్ళీ స్టార్ట్ చేయబోతే నీరు ఇంజనులోకి పోయి లోపలి కడ్డీలు వంగిపోతాయి. మామూలు పాలసీ దాన్ని ప్రమాదం కింద లెక్కించదు. ఇంజను రిపేరు లక్ష దాటగలదు. ఏరు పక్కన, డెల్టాలో ఉన్నవాళ్ళం ఈ కొద్దిపాటి ప్రీమియం దగ్గర పిసినారితనం చూపకూడదు. పాత కారు ఉన్నవారు ఇంకొక సంగతి గుర్తుంచుకోవాలి. క్లెయిము లేకుండా గడిపినందుకు వచ్చే నో క్లెయిమ్ బోనస్ బండిది కాదు, యజమానిది. అది 50 శాతం దాకా పెరుగుతుంది. పాత బండి అమ్మేటప్పుడు ఇన్సూరెన్సు కంపెనీ నుంచి ఉత్తరం తెచ్చుకుంటే కొత్త బండికి వర్తిస్తుంది. అడగనివారికి ఎవరూ పిలిచి ఇవ్వరు.

ఇక డబ్బు ఎక్కడినుంచి అన్నది. 8 లక్షల లోను 9 శాతం వడ్డీకి అయిదేళ్ళకు తీసుకుంటే నెలకు సుమారు 16,600 చొప్పున మొత్తం వడ్డీ 1 లక్షా 96 వేలు. అదే ఏడేళ్ళకు తీసుకుంటే కంతు 12,900 లోపుకు దిగుతుంది, వడ్డీ మాత్రం 2 లక్షల 81 వేలకు ఎక్కుతుంది. చిన్న కంతు చూసి పెద్ద మోడల్‌కు వెళ్ళేవాళ్ళు ఇక్కడే బోల్తాపడతారు. కొందరు ఫైనాన్షియర్లు "ఫ్లాట్ 9 శాతం" అంటారు. అంటే మీరు అసలు తీర్చుకుంటూ వచ్చినా మొదటి రోజు 8 లక్షల మీదే చివరిదాకా వడ్డీ కడతారు. అయిదేళ్ళకు 3 లక్షల 60 వేలు. తగ్గే అసలు మీద లెక్క కడితే అది 16 శాతానికి కాస్త తక్కువ. రిజర్వు బ్యాంకు ఆదేశం ప్రకారం 2024 అక్టోబరు నుంచి ప్రతి రుణానికీ కీలక వివరాల పత్రం ఇచ్చి, అన్ని ఛార్జీలూ కలిపిన వార్షిక రేటు అందులో చూపాలి. సంతకానికి ముందే ఆ ఒక్క కాగితం అడిగి తీసుకోండి.

వడ్డీ జోలికి పోకూడదనుకునే కుటుంబాలు మనలో చాలా ఉన్నాయి. వారికి మన దేశంలో దారులు ఇరుకే. వడ్డీలేని బ్యాంకింగ్‌ను 2008లో రఘురామ్ రాజన్ కమిటీ సిఫార్సు చేసినా, 2017లో రిజర్వు బ్యాంకు ఆ ఆలోచనను ముందుకు తీసుకువెళ్ళబోమని చెప్పింది. మురాబహా పద్ధతిలో ఫైనాన్సు చేసేవాడే బండిని కొని, తన లాభం ఎంతో ముందే చెప్పి, వాయిదాల మీద మనకు అమ్ముతాడు. ఆలస్యమైతే ఆ ధర పెరగదు. అలా నడిచే చిన్న సహకార సంఘాలు అక్కడక్కడా ఉన్నాయి. కానీ "హలాల్" అన్న బోర్డు చూసి డబ్బు అప్పగించకండి. బెంగళూరు ఐఎంఏ 2019 జూన్‌లో మూతపడినప్పుడు వేలాది ముస్లిం కుటుంబాల పొదుపు అందులో చిక్కుకుపోయింది. రిజిస్ట్రేషను, ఆడిట్ లెక్కలు చూపించమని అడగండి. చూపించలేనివాడికి గడ్డం ఎంత ఉన్నా నమస్కారం పెట్టి వచ్చేయండి.

బంధువుల దగ్గర ఖర్జె హసనా తీసుకునేవారు తప్పక రాసుకోవాలి. అప్పును రాసుకోమని చెప్పే సూరా బఖరా 282వ ఆయత్ ఖురాన్‌లోకెల్లా పొడవైనది. మన పెద్దలు ఎంత చెప్పినా "మామయ్య దగ్గర కాగితమేమిటి" అంటాం. తర్వాత పెళ్ళిళ్ళలో ఎదురుపడితే ముఖాలు తిప్పుకుంటాం. ఇంకొకటి, 20 వేలు గానీ అంతకు మించి గానీ అప్పును నగదుగా తీసుకుంటే ఆదాయపు పన్ను చట్టం ప్రకారం అంత మొత్తమూ జరిమానా పడవచ్చు. బ్యాంకు ద్వారానే జరపండి.

కూడబెట్టి కొనేవారికి జకాత్ సంగతి. సొంతానికి వాడుకునే కారు మీద జకాత్ లేదు. కారు కోసం దాచిన సొమ్ము మాత్రం జకాత్ తేదీనాటికి చేతిలో ఉంటే లెక్కలోకి వస్తుంది. కారు సొమ్ము కదా అని పక్కన పెట్టేవారు మన దాతలలో కూడా ఉన్నారు. అనుమానం ఉంటే ఇమాం సాహెబును అడగండి.

అసలు కొనాలా అన్నది ఇంట్లో కూర్చుని తేల్చుకోవలసిన లెక్క. తొమ్మిదిన్నర లక్షలు పడిన బండి అయిదేళ్ళకు సగం విలువకు వస్తుందనుకుంటే ఏడాదికి 95 వేలు. ఇన్సూరెన్సు, సర్వీసు కలిపి ఇంకో 30 వేలు. పెట్రోలు పోయకుండానే లక్షా పాతిక వేలు. రోజుకు మూడు వేల అద్దె టాక్సీ అయితే అది నలభై రోజుల కిరాయి. మన వీధుల్లో వేపచెట్ల కింద నెలకు రెండుసార్లు కదిలే కార్లు ఎన్ని ఉన్నాయో మీరే లెక్కపెట్టండి. వారానికి మూడు రోజులు సరుకు పని మీద కాకినాడ, తుని తిరిగే వ్యాపారికి మాత్రం ఈ లెక్క తిరగబడుతుంది. అలాంటివారు నిశ్చింతగా కొనుక్కోవచ్చు.

కొందరు చేసే ఒక పని గురించి గట్టిగా చెప్పాలి. ప్రభుత్వ పథకాల అర్హతకు కుటుంబంలో నాలుగు చక్రాల సొంత వాహనం ఉండకూడదన్న షరతు మన రాష్ట్రంలో ఉంది. టాక్సీ, ఆటో, ట్రాక్టరుకే మినహాయింపు. నిబంధన కుటుంబం మొత్తానికి వర్తిస్తుంది కనుక అబ్బాయి కారు కొంటే అదే కార్డులో ఉన్న నానమ్మ పింఛనుకు చిక్కు రావచ్చు. కొనకముందే సచివాలయంలో కనుక్కోండి. దీనికి భయపడి కారును స్నేహితుడి పేరనో, తోడల్లుడి పేరనో రాయిస్తున్నారు. ప్రమాదం జరిగితే పరిహారం బాధ్యత ఆర్సీలో పేరున్నవాడిదేనని సుప్రీంకోర్టు 2018 ఫిబ్రవరిలో తేల్చింది. మీ ప్రయాణానికి అతని మెడ ఎందుకు? అతను పోతే బండి మీదని వారసుల ముందు రుజువు చేయడం ఎలా?

బండి తెచ్చుకునే రోజు పూలదండ వేయించుకుని ఫొటో దిగే ముందు పగటి వెలుగులో ఓ అరగంట చూడండి. టైరు పక్కన నాలుగు అంకెలు ఉంటాయి, మొదటి రెండు వారం, తర్వాతి రెండు సంవత్సరం. ఛాసిస్ నంబరును బట్టి తయారైన నెల అడగండి. డిసెంబరు డిస్కౌంటులో ఇచ్చే బండి జనవరికి నిరుటి బండి అవుతుంది, అమ్మేటప్పుడు ఆ తేడా తెలుస్తుంది. పదేళ్ళు వాడుకునేవారికి పర్వాలేదు, డిస్కౌంటు తీసుకోండి. రిజిస్ట్రేషన్ నంబరు ఫ్యాన్సీగా ఉండాలన్న సరదా మా దృష్టిలో వేలంలో పోసే డబ్బే. ఏ అంకె కూడినా పంక్చరు ఆగదు. హైవే మీద తరచు తిరిగేవారు దానికి బదులు ఫాస్టాగ్ వార్షిక పాసు చూసుకోవచ్చు. 2025 ఆగస్టు 15న 3,000 రూపాయల ధరతో మొదలైంది, జాతీయ రహదారి టోల్ గేట్ల దగ్గర 200 సార్లకు గానీ ఏడాదికి గానీ పనిచేస్తుంది.

పాత కారును ఎక్స్‌ఛేంజ్‌లో ఇచ్చేవారు 29, 30 ఫారాల మీద సంతకం పెట్టి తాళం ఇచ్చేసి మరిచిపోతున్నారు. ఆర్సీ మారేదాకా చలానాలు మీ ఫోనుకే వస్తాయి, పైన చెప్పిన ప్రమాద బాధ్యత కూడా మీదే. అప్పగించిన తేదీ, సమయం రాసిన రశీదు తీసుకోండి, పాత ఫాస్టాగ్ మూయించండి, నెల తర్వాత ఆర్సీ ఎవరి పేర ఉందో రవాణా శాఖ సైటులో చూడండి. లోను తీరిపోయినవారు బ్యాంకు నుంచి నిరభ్యంతర పత్రం, 35వ ఫారం తెచ్చి ఆర్సీలో బ్యాంకు పేరు తీయించుకోవాలి. ఆ కాగితాలకు గడువు ఉంటుంది, బీరువాలో పెట్టి ఊరుకోకండి.